చుట్టలాయన మింగేసిన మాట

మా వీధిలో ఆయన్ని అందరూ చుట్టలాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని ఆయన నోట్లో చుట్ట కోసం వెతుకుతారు. ఆయన జన్మలో పొగ తాగిన పాపాన పోలేదు. ఆయన చుట్టేది రాగి తీగ. కాలిపోయిన మోటార్లూ ఫ్యాన్లూ నీళ్ల పంపులూ తెచ్చి ఆయన కొట్టు ముందు పడేస్తే, లోపల మాడిపోయిన తీగంతా ఉలితో కోసి పీకేసి, గాడుల్లో కొత్త కాగితం దూర్చి, కొత్త తీగ చుట్టలు చుట్టలుగా చుట్టి కూర్చోబెట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇస్తాడు. ఆ పక్క కొట్టు నాది. ఫొటోలు తీస్తాను, జిరాక్సులు తీస్తాను. ఇన్నేళ్లూ ఆ వార్నిష్ వాసన పీల్చీ పీల్చీ నాకు మంచినీళ్లలో కూడా అదే వాసన వస్తుంది.

పనిలో ఆయనకు వంక పెట్టలేం. చిక్కంతా మాటతోనే. తీగ చుట్టేటప్పుడు లోలోపల లెక్కపెట్టుకుంటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వేలు పైకెత్తి ఆగమంటాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటికి రావాలి కాబట్టి అందులో తప్పు లేదు. కానీ చేతిలో తీగ లేనప్పుడు కూడా ఆ వేలు లేవడం నేను కళ్లారా చూశాను. రేపు కొట్టు తీస్తావా అంటే వేలు. మాతో వస్తావా రావా అంటే వేలు. అవుననో కాదనో తేల్చాల్సిన ప్రతి చోటా ఆయనకు ఏదో ఒక లెక్క అడ్డం వచ్చేది.

ఆయన భార్యతో కలిసి మా వీధికి కాపురం వచ్చిన కొత్తల్లో జరిగింది ఇది. ఆవిడ కుట్టుపని బాగా తెలిసిన మనిషి, చురుకైంది. ఒకరోజు పొద్దున ఆయన కొట్టు తెరవలేదు. ఇంటికెళ్లి తలుపు తట్టాను. కళ్లు వాచిపోయి బయటికొచ్చాడు. "ఏమైంది? చెల్లెమ్మ కనబడదేం?" అన్నాను. గుటకలు మింగాడు. ఏదో అనబోయి ఆగి, మళ్లీ అనబోయాడు. చివరికి ఒక్క మాట బయటపడింది.

"పోయింది."

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఎక్కడ అంటే చెయ్యి దూరంగా ఎటో ఊపాడు. ఇంటికి పరుగెత్తి మా ఆవిడతో చెప్పాను. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా ఆయన వాకిట్లో ఉంది. ఆవిడ ఊరెళ్లిందనీ, అక్కడే ఉన్నట్టుండి ప్రాణం పోయిందనీ కథ మేమే అల్లుకున్నాం. గుండెపోటన్నది ఎవరు కలిపారో ఇప్పటికీ తెలియదు. ఆయన దేనికీ అవుననలేదు, కాదనలేదు. మా మధ్య కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. మా ఆవిడ నెల పైగా ఆయనకు క్యారేజీ పంపింది.

అసలు ఆయన అనబోయింది "వెళ్లిపోయింది" అని. "వెళ్లి" గొంతులో ఉండిపోయి, మిగతాది బయటికొచ్చింది. పొరుగూరి శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే ఉద్యోగం వచ్చిందనీ, ఇద్దరం వెళ్దామా అనీ ఆవిడ నెలల తరబడి అడిగిందట. ఈయన వెళ్దామనలేదు, వద్దనలేదు. విసిగిపోయి ఆవిడ ఒక్కతే పెట్టె సర్దుకుంది. భార్య వదిలేసి పోయిందంటే పరువు పోతుందని ఆయన గొంతు పూడుకుపోయింది. మేం తప్పుగా విన్నామని ఆ క్షణంలోనే ఆయనకు తెలుసు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశాడు. ఈ సంగతంతా ఆయన రెండో పెళ్లి కాగితాల దగ్గరికి వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

ఆ రెండో పెళ్లి మాట పిండిమర ఆవిడతో. మాకు రెండు వీధుల అవతల ఆవిడ మర. భర్త మంచాన పడి చాలాకాలం తీసుకుని తీసుకుని చనిపోతే, మరను తనే నడుపుకుంటోంది. ఎప్పుడు చూసినా కనుబొమల మీద పిండి ఉంటుంది. కస్టమర్లను కేకేసి మాట్లాడటం అలవాటై మామూలు మాట కూడా గట్టిగానే అంటుంది. ఒకసారి మర మోటారు కాలిపోయి చుట్టలాయన దగ్గరికి వచ్చింది. అది బాగయ్యేదాకా రోజూ వచ్చి బల్ల మీద కూర్చునేది. భర్త చివరి రోజుల గురించి చెప్పేది. నిద్రలో తన పేరు పిలిచేవాడట, పక్కనే ఉన్నా గుర్తుపట్టేవాడు కాదట. చెబుతూ చెబుతూ ఏడ్చేది.

"మీ ఆవిడకేమైందండీ?" అని అడిగింది ఒకరోజు.

"అడక్కండి" అన్నాడు ఈయన. అని తనూ కళ్లు తుడుచుకున్నాడు. గోడ అవతల నుంచి నేను విన్నాను. పాపం ఇద్దరిదీ ఒకటే బాధ అనుకున్నాను.

ఆవిడకో అన్నయ్య ఉన్నాడు, బస్సు డిపో ఆఫీసులో పని. కాగితాలంటే ప్రాణం. సంకలో ప్లాస్టిక్ ఫోల్డరు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. "ఇద్దరూ ఒంటరివాళ్లే. చక్కగా రిజిస్టరు పెళ్లి చేసుకుంటే నాకూ నిశ్చింత" అని ఆయనే కదిపాడు. చెల్లెలు సరేనంది. చుట్టలాయన వేలు సగం దాకా లేచి, మళ్లీ దిగి, తల ఊగింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ ఆయన్ని "మీరు" అనడం మానేసి "నువ్వు" అంది. ఆ మాట నాకు చెప్పడానికి ఈయన పని ఆపి మరీ వచ్చాడు. "నువ్వు అందోయ్" అని చెవులదాకా ఎర్రబడ్డాడు.

కాగితాల కోసం ముగ్గురూ నా కొట్టుకే వచ్చారు. డిపో అన్నయ్య అప్పటికే రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగి అన్నీ కనుక్కున్నాడు. నాకూ వాళ్లకూ కలిపి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఇద్దరూ కలిసి దరఖాస్తు ఇవ్వాలి. వయసుకి రుజువు, ఇంటి చిరునామాకి రుజువు, ఫొటోలు కావాలి. అది తీసుకున్నాక ఆఫీసువాళ్లు ఫొటోలతో సహా బోర్డు మీద నోటీసు అంటిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా వచ్చి చెప్పాలి. ఎవరూ రాకపోతే ముగ్గురు సాక్షులతో వెళ్లి, ఆఫీసరు ముందు ఇద్దరూ నోటితో ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. "ఒక సాక్షిని నేను. రెండోది మీరే" అని నాకూ పదవి కట్టబెట్టాడు.

ఫొటో తీశాను. ఆవిడ కనుబొమలు తుడుచుకుని కూర్చుంది. ఈయన్ని నవ్వమంటే పన్ను నొప్పి ఉన్నవాడిలా పెట్టాడు మొహం.

"ఇంతకుముందు పెళ్లయినవాళ్లకి ఇంకొకటుంది" అన్నాడు అన్నయ్య. "విడాకులైతే కోర్టు డిక్రీ. మీ ఇద్దరికీ ఆ గొడవ లేదుగా. డెత్ సర్టిఫికెట్ చాలు."

ఆవిడ సంచీలోంచి భర్తది తీసింది. లామినేషన్ చేయించి ఉంది. నా చేతికి ఇస్తూ వెంటనే వదల్లేదు. "జాగ్రత్త బాబూ, ఇదొక్కటే ఉంది" అంది. జిరాక్సు తీసి ఇచ్చేశాను.

"మీ ఆవిడది కూడా ఇచ్చేస్తే రేపే దరఖాస్తు పడేద్దాం బావగారూ" అన్నాడు అన్నయ్య.

చుట్టలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెస్తాను" అన్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. నేనూ వస్తాను పద" అంది. ఆ జాలి చూసి ఆయనకు అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించిందట.

మర్నాడు ఒక్కడే జనన మరణాల ఆఫీసుకు వెళ్లాడు. దేనికి వెళ్లావయ్యా అంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. అబద్ధం ఆడదామనే వెళ్లి ఉంటాడు. కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడట.

"పోయినావిడ మీకేమవుతారు?"

"భార్య."

"ఎప్పుడు పోయారు?"

తారీఖు చెప్పాడు. అది ఆయన మర్చిపోయే తారీఖు కాదు.

"ఎక్కడ? ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?"

"బస్టాండులో."

గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. "అయ్యో, బస్టాండులోనా! ఎలా పోయారు?"

"బస్సెక్కి."

"అయ్యయ్యో! మీదికెక్కేసిందా?"

"లేదండీ. ఆవిడే ఎక్కింది."

గుమాస్తాకు కాసేపు బోధపడలేదు. పడ్డాక నవ్వలేదు కూడా. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. పసిబిడ్డ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒకావిడ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఈయన్ని అసహ్యంగా చూసింది. గుమాస్తా గొంతు తగ్గించి, "బాబూ, బతికున్న మనిషికి ఇక్కడ ఇవ్వం. మీరు వెళ్లాల్సింది కోర్టుకి" అన్నాడు. ఆ ఆఫీసుకు ఎదురుగా బోర్డు పెట్టుకున్న లాయరు ఇంకో నాలుగు ముక్కలు చెప్పి పంపాడు. ఇద్దరూ ఇష్టపడితే విడాకులకు కలిసి అర్జీ పెట్టుకోవచ్చు, అందుకు ఆవిడ సంతకం కావాలి, తర్వాత కోర్టు ఇచ్చిన గడువు ఆగాలి. భార్య బతికుండగా పోయిందని రాసి మరో పెళ్లి చేసుకుంటే జైలు.

సాయంత్రం నా కొట్టులో స్టూలు మీద కూలబడి అంతా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అంటే మా ఆవిడ నెల రోజులు క్యారేజీ పంపింది నీ భార్య బస్సెక్కినందుకా? తన పుట్టింటివాళ్లు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదయ్యా అది!"

"తిట్టు. బాగా తిట్టు" అన్నాడు. "తిట్టి, నాతో పిండిమర దాకా రా. ఒక్కణ్ణే వెళ్తే చెప్పలేను. నా సంగతి నాకు తెలుసు."

వెళ్లాం. మర తిరుగుతోంది. బెల్టు కొట్టుకుంటోంది, ఎదుటి మనిషి మాట వినబడదు. సంచులు పట్టుకుని జనం వరసగా నిలబడి ఉన్నారు. ఈయన వెళ్లి ఆవిడ పక్కన నిలబడి ఏదో అన్నాడు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంది. మళ్లీ అన్నాడు. మళ్లీ "ఆఁ?" అంది. ఈయన ఊపిరంతా బిగబట్టి అరవబోతున్నాడు, అదే క్షణంలో ఆవిడ స్విచ్చి ఆపేసింది.

"నా భార్య బతికే ఉంది!"

ఆ అరుపు చప్పుడాగిన మరలో మోగింది. వరసలో ఒకాయన సంచీ జారిపోయి గోధుమలు కింద పడ్డాయి. ఎవరూ ఎత్తలేదు. నేను గోడ పక్కనున్న త్రాసు వంక చూస్తూ నిలబడ్డాను. చెప్పొద్దూ, ఆయనకన్నా ముందు నేనే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"మరి పోయిందన్నావుగా?"

"వెళ్లిపోయింది. నన్ను వదిలేసి వెళ్లిపోయింది. నేను సగమే అన్నాను. మీరంతా అలా అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

"మొగుణ్ణి వదిలేసి వెళ్లినవాళ్లు లోకంలో లేరా? ఆ మాట అనుంటే నేను నిన్ను వద్దంటానా?"

"అనవు."

"నా ఇంటాయన చచ్చిపోయాడని నేను నీ ముందు కూర్చుని ఏడ్చాను. నువ్వూ కళ్లు తుడుచుకున్నావు. ఎవరి కోసం?"

ఆయన వేలు లేవలేదు. ఆవిడ కింద పడ్డ గోధుమలు చేటలోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఎత్తుతూనే అంది.

"మా అన్నయ్యకి నేను చెప్పను, నువ్వే చెప్పు. మీ వీధిలోవాళ్లకీ నువ్వే చెప్పు. ముందు నీ పెళ్లి సంగతి తేల్చుకుని రా. నాది తర్వాత చూద్దాం."

ఆ "చూద్దాం" పట్టుకుని బయల్దేరాడు. డిపోకి వెళ్లాడు. అన్నయ్య అప్పటికే ఆఫీసులో అందరికీ బావగారి గురించి గొప్పలు చెప్పేసుకున్నాడు. ఇప్పుడు ఆ అందరి ముందే వినాల్సి వచ్చింది. "నీకు నేను సాక్షి సంతకం పెట్టబోయానయ్యా! మా చెల్లెలి ఫొటో నీ పక్కన బోర్డు మీద అంటించబోయాను!" అని ఫోల్డరు బల్ల మీద కొట్టాడు. బావగారూ అన్న పిలుపు ఆరోజుతో సరి.

తర్వాత మా వీధి. ప్రతి గుమ్మం ఎక్కాడు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకాయన మొహం మీదే తలుపు వేశాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి గిన్నెలు మాత్రం గట్టిగా తోమింది. తిట్లని తట్టుకున్నాడు ఈయన. తట్టుకోలేకపోయింది చివరింటి మామ్మ దగ్గర. ఆ రోజుల్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే. ఈయన చెప్పింది విని ముందు నమ్మలేదు. మళ్లీ చెప్పించుకుంది. తర్వాత రెండు చేతులతో ఈయన మొహం పట్టుకుని, "నా తల్లే! బతికుందా! ఎంత చల్లని మాట చెప్పావురా అబ్బాయ్" అని సంతోషంతో ఏడ్చేసింది. ఆయన ఆ ముసలావిడ అరుగు మీదే కూర్చుండిపోయాడు. నేను వెళ్లి లేపి తీసుకొచ్చాను.

భార్యకు ఫోను నా కొట్టులోంచే చేశాడు, నన్ను కదలొద్దన్నాడు. ఆవిడ గొంతు నాకూ వినిపించింది. విడాకుల మాట ఎత్తగానే, "ఇస్తాను. వాయిదాకి వస్తాను. ఇంతేనా?" అంది.

"ఇంకోటుంది" అని అదీ చెప్పాడు.

అవతల ఆవిడ అంతా విని, "నన్ను చంపేశాక ఎవరైనా ఏడ్చారా?" అంది.

"వీధంతా ఏడ్చింది."

"నువ్వు?"

"ఏడ్చాను. నీ కోసం కాదు. వదిలేసిపోయిందని తెలిస్తే నలుగురూ నన్నేమనుకుంటారో అని ఏడ్చాను."

"ఈ మాటైనా పూర్తిగా అన్నావు" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

అన్న మాట ప్రకారం కోర్టుకు వచ్చింది, సంతకాలు పెట్టింది. గడువు ఆగి మళ్లీ వచ్చింది. ఇద్దరి పేర్లూ పిలిచారు, అడిగింది చెప్పారు, అయిపోయింది. మా వీధికి మాత్రం రానంది. పోయిన మనిషిని చూడ్డానికి జనం పోగవుతారని కాబోలు.

ఇన్నాళ్లూ పిండిమర ఆవిడ వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఈయన అడగనూ లేదు. అడిగే మొహం ఎక్కడుంది? డిక్రీ నకలు చేతికొచ్చిన రోజు ఉతికిన చొక్కా వేసుకుని మరకు వెళ్లాడు. నన్ను రానివ్వలేదు. నేను కొట్టులో కూర్చుని దారి చూస్తున్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఇక అడ్డమేమీ లేదు, దరఖాస్తు పడేయడమే, నోటీసు అంటించడమే అనుకుంటున్నాను.

వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమంది?" అన్నాను.

"చేతులు కడుక్కుని వచ్చి కాగితమంతా చదివింది. 'అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ. మీకిప్పుడు అడ్డేం లేదు, మీరు ఎవర్నైనా చేసుకోవచ్చు' అంది." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు అందోయ్. అప్పుడే తెలిసిపోయింది నాకు."

"మరి ఇన్నాళ్లు ఆగడం దేనికట?"

"తనూ ప్రయత్నించిందట. నన్ను క్షమించింది కూడానట. కానీ నేనెప్పుడైనా కళ్లు తుడుచుకుంటే, ఎందుకు తుడుచుకుంటున్నానో తనకు తెలియదంది. 'పక్కన పడుకున్న మనిషిని ఎందుకేడుస్తున్నావని జన్మంతా అడుగుతూ ఉండలేనండీ' అంది. నేను కాదనలేదు. కాదనడానికి ఏముంది?"

ఆ మాట అంటూనే భుజం మీద చొక్కాకి కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగాలి. ఇన్నేళ్ల స్నేహం, పక్క కొట్టు, ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న మనిషి. కానీ నేను చేసిన పని ఏమిటంటే, ఇప్పుడు దేనికేడుస్తున్నాడా అని ఆయన మొహంలోకి తేరిపార చూశాను. ఆయన కళ్లెత్తాడు. నేను దేనికోసం వెతుకుతున్నానో చూశాడు. తల దించుకున్నాడు.